నూటికి ఎంత

ఆమె రోజుని ముక్కలుగా కోసింది నేనే.
వకీలుగారు అడిగారు, కోశాను.
విధానాల రూపకల్పనకి నూటికి ముప్ఫై అయిదు,
సిబ్బంది మీద అజమాయిషీకి ఇరవై అయిదు,
బడ్జెట్టుకి ఇరవై,
సోఫియాలో ఉన్న మాతృసంస్థతో మంతనాలకి పదిహేను.
మిగిలిన అయిదూ ఎక్కడ సర్దాలో తోచక
"ఇతరములు" అని రాశాను.

ఆ అయిదులోనే ఆమె మొత్తం ఉందని
అప్పటికి నాకు తెలీదు.

నెవెనా స్తోయ్కొవా.
బల్గేరియా గులాబీ నూనె కంపెనీకి
అమెరికా శాఖ అధిపతి. కాగితం మీద.
న్యూజెర్సీలో, ఎలిజబెత్ రేవు వెనక సందులో,
పాత టైర్ల కొట్టుకీ చేపల గిడ్డంగికీ నడుమ షెడ్డు.
పూల రేకుల సరుకంతా
ఇనప రేకుల కింద.

ఓసారి సంతకాల కోసం వెళ్ళాను, జనవరిలో.
ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఎవెరార్దో రాలేదు, కూతురికి జ్వరం.
అధిపతిగారు నడుముకి బెల్టు బిగించి
ట్రక్కులోంచి డబ్బాలు దింపుతోంది.
నోట్లోంచి పొగలు.
నన్ను చూసి నవ్వి, "ఇది ఏ శాతంలోకి వస్తుంది?" అంది.
నేను రాసుకోలేదు.
రాసుకుంటే కేసు పోతుంది.

రాసుకున్నవాళ్ళు వేరే ఉన్నారు.
తనిఖీ అధికారి వచ్చిన పూట
ప్యాకింగ్ బల్ల దగ్గర ఒదెట్ ఉంది.
హైతీ మనిషి, ఉన్నది ఉన్నట్టు చెప్పే నోరు.
మీ మేనేజరు ఏం చేస్తుంది అని అడిగితే
"ఆవిడ బంగారం. మాతోపాటే మోస్తుంది.
సీసా పగిలితే చీపురు ఎవరికీ ఇవ్వదు" అంది.
మెచ్చుకుందామనే అంది పాపం.
ఆ మెచ్చుకోలు
పదకొండో పేజీలో, తిరస్కరణకి మూడో కారణంగా
అచ్చయి వచ్చింది.

నాలుగు టన్నుల పువ్వు మరిగిస్తే
ఒక్క కిలో నూనె దిగుతుందట.
అదీ తెల్లారకముందు, మంచు ఆరకముందు
కోసిన పువ్వయితేనే అని చెప్పింది నెవెనా.
మేం పంపినవి ఆరు వందల పన్నెండు పేజీలు.
జీతాల రసీదులు, అద్దె ఒప్పందం,
పెట్టెల మీద పెట్టెలు పేర్చినట్టు సంస్థ పటం,
అన్నిటికన్నా పైపెట్టెలో ఆమె పేరు.
అన్నీ మరిగించి వాళ్ళు దించింది ఒకే వాక్యం:
లబ్ధిదారు ప్రధానంగా పెత్తనమే చేస్తున్నట్టు
రుజువు కాలేదు.

పెత్తనం.
నలుగురున్న చోట ఒకరు కుర్చీలో కూర్చుంటే
ముగ్గురి నడుములు విరుగుతాయి.
ఈ లెక్క ఆ షెడ్డులో అందరికీ తెలుసు.
ఎటొచ్చీ దానికి అనుబంధ పత్రం లేదు.
పేజీ మూలల్లో చమురంటి
కాగితం అద్దంలా మెరిసిన చోట
అధికారికి గులాబీ వాసన వచ్చే ఉంటుంది.
వాసనకి నంబరు వెయ్యడం నాకు చేతకాలేదు.

ఉత్తరం చదివి వినిపించాక
వకీలుగారు కళ్ళజోడు తీశారు.
ముప్ఫై మూడు రోజుల గడువు, ఫీజు ఇంత, ఆశ ఇంత.
"అప్పీలు వేద్దామా?"
ఆమె తల అడ్డంగా ఊపింది.
ఆయన నిట్టూర్చి ఫైలు మూసేశారు.

"ఆగండి" అన్నాను.
వాళ్ళ దేశంలో తల అడ్డంగా ఊపితే అవునని.
ఏడాది ఆమె రోజుల్ని కోసి కోసి
ఆమె గురించి నేను నికరంగా నేర్చుకున్నది అదొక్కటే.

ఫైలు మళ్ళీ తెరుచుకుంది.
"ఈసారి ఇతరములు అనే మాట వద్దు" అన్నారాయన.
నేను పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను.
అయిదు తీసేస్తే తొంభై అయిదు.
ఎటు తిప్పినా నూరు కావడం లేదు.

నెవెనా గోడ గడియారం చూసి లేచింది.
"కంటైనరు మూడింటికి వస్తుంది.
ఎవెరార్దో ఒక్కడే ఉన్నాడు."
ఆమె తోలు సంచి జిప్పు సగమే మూసుకుంది.
నడుము బెల్టు కొస
బయటికి వేలాడుతోంది.